ఏడున్నర బస్సు, తొమ్మిది గంటల బడి

ఊటపల్లి నుంచి సంగెంపేటకు నలభై అయిదు కిలోమీటర్లు. ఊటపల్లిలో బస్సు పొద్దున ఏడున్నరకు కదిలి తొమ్మిదీ ఇరవైకి సంగెంపేట చేరుతుంది. సంగెంపేట హైస్కూల్లో మొదటి గంట తొమ్మిదికి కొడతారు. ఇందులో తిరకాసు ఎక్కడుందో ఒకటో తరగతి పిల్లలు కూడా చెప్పగలరు. అందుకే కాబోలు, పెద్దవాళ్లెవరూ ఆ పని పెట్టుకోలేదు.

నవనీత ఆరో తరగతి నుంచి ఆ బస్సులోనే పోతోంది. ఊటపల్లిలో బడి అయిదు దాకానే ఉంది. ఇప్పుడు ఆమెది పదో తరగతి. ఇన్నేళ్లలో ఆ దారిని సబ్జెక్టుల వారీగా పంచుకుంది. ఊరి నుంచి ఎనిమిది కిలోమీటర్లు కంకర రోడ్డు. అక్కడ పుస్తకం తెరిస్తే కళ్లు తిరుగుతాయి కాబట్టి తెలుగు పద్యాలు, నోటికి. తార్రోడ్డు ఎక్కాక సోషల్. చెరువు కట్ట మీద బస్సు మెల్లగా పోతుంది గనుక లెక్కలు. రాళ్లవాగు వంతెన దాటాక కూరగాయల గంపలెక్కుతాయి, చేతులు కదపడానికి చోటుండదు, కాబట్టి నిద్ర. సీటు దొరకని రోజు డ్రైవరు పక్కన ఇంజను మూత మీద కూర్చుని రాసుకునేది. ఆ నోటుబుక్కు చూసి లెక్కల సారు, "ఈ త్రిభుజానికి చలిజ్వరం ఎప్పటి సంది నవనీతా?" అని అడిగేవాడు.

నాలుగేళ్లుగా ఆ ఇరవై నిమిషాల ఆలస్యం ఎవరికీ పట్టలేదు. ఈ ఏడాది హాజరు పట్టీ తీసేసి ఫోను పెట్టారు. పిల్లలు ఒక్కొక్కరే దాని ముందు నిలబడి మొహం చూపించాలి. తొమ్మిది దాటి ఒక్క నిమిషమైతే ఫోను మూసుకుంటుంది. ఆ తరువాత దానికి పిల్లలూ ఒకటే, గోడలూ ఒకటే. నూటికి డెబ్బై అయిదు రోజులు ఫోను గుర్తుపట్టకపోతే పదో తరగతి పరీక్షకు హాల్ టికెట్ రాదు.

దసరా సెలవుల ముందు హెడ్‌మాస్టర్ విఠల్ గారు లెక్క తీశారు. క్లాసు పరీక్షల్లో నవనీత ఫస్టు. హాజరైన రోజులు సున్నా.

"నా కండ్ల ముందర్నే కూసున్నవ్ బిడ్డా," అన్నారాయన దిగులుగా, "కానీ లేవు."

పది పాసైతే పట్నంలో హాస్టలున్న పాలిటెక్నిక్‌లో సీటు వస్తుందని నవనీత ఆశ. హాస్టల్ అంటే ఆమెకు ఒకటే అర్థం. మంచం మీది నుంచి లేచి, మొహం కడుక్కుని, నడిచి క్లాసుకు పోవడం. ఆ ఒక్క సుఖం కోసం ఎంతైనా చదవడానికి ఆమె సిద్ధం.

ఊటపల్లి పిల్లలు పద్నాలుగు మంది. అందులో పదో తరగతి వాళ్లు ఆరుగురు. అందరూ కలిసి అర్జీ రాశారు: బస్సు ఇరవై నిమిషాలు ముందన్నా రావాలి, గంట ఇరవై నిమిషాలు వెనకన్నా కొట్టాలి.

డిపో వాళ్లు అర్జీ చదివి, ఏడూ పది బస్సుకి ఎంతమంది ఎక్కుతారో లెక్క కావాలన్నారు. లెక్క కోసం ఒక మనిషిని ఊటపల్లి స్టాపులో నిలబెట్టారు. అతను మూడు రోజులు నిలబడి, ఏడూ పదికి బస్సేదీ రాలేదు గనుక ఎక్కినవారు సున్నా అని రాసుకుపోయాడు. సున్నా మందికి బస్సు వేయడం కుదరదని జవాబొచ్చింది. గంట సంగతి విద్యా కార్యాలయం చూసింది. గంట కొట్టే వేళ రాష్ట్రమంతటికీ ఒకటేననీ, ఒక ఊరి కోసం తొమ్మిది గంటలను మార్చలేమనీ తేల్చింది.

అప్పుడు జిల్లా నుంచి ప్రత్యేకాధికారి పరాంకుశం గారు దిగారు.

ఆయన అంతకు ముందు వారమే ఒక పెద్ద హోటల్లో "ఎల్లలు లేని అభ్యసనం" మీద మూడు రోజుల శిక్షణ పొంది, దాని సంచీ భుజానికి తగిలించుకునే వచ్చారు. స్కూలు వరండాలో నిలబడి అర్జీ రెండుసార్లు చదివి, కళ్లజోడు తీశారు.

"సమస్య బస్సుది కాదు. గంటది అంతకన్నా కాదు. సమస్య మన దృక్పథానిది," అన్నారు. "విద్యార్థి పాఠశాలకు చేరుట అనునది గత శతాబ్దపు భావన. పాఠశాలయే విద్యార్థిని ఆవరించి ఉండవలెను."

"ఆవరించుడంటే ఎట్ల సారూ?" అంది నవనీత.

"నువ్వు బస్సెక్కగానే బడిలో ఉన్నట్టు పరిగణిస్తాం, తల్లీ."

నెల తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. ఊటపల్లి బస్సు ఇకపై సంగెంపేట ఉన్నత పాఠశాల ప్రాంగణంలో అంతర్భాగం. దాని పేరు సంచార ప్రాంగణం. ఉత్తర్వు జూన్ పన్నెండు నుంచే వర్తించును. అంటే నవనీత గడిచిన నాలుగు నెలలూ వేళకే బడికి వచ్చినట్టు దసరా తరువాత తేలింది. కాగితం మీద సున్నా చెరిపి ఎనభై మూడు వేశారు. కండక్టర్ భారతమ్మకు హాజరు ఫోను ఇచ్చారు. మర్నాడు తొమ్మిదికి చెరువు కట్ట మీద బస్సాపి, పిల్లలందరి మొహాలూ ఫోనుకు చూపించింది. ఫోను నవనీతను గుర్తుపట్టింది. నవనీత ఇంటికి పోయి అమ్మను పట్టుకుని గిరగిరా తిప్పింది.

సంతోషం సరిగ్గా ఎనిమిది రోజులుంది. తొమ్మిదో రోజు పరాంకుశం గారు ప్రాంగణాన్ని తనిఖీ చేయడానికి బస్సెక్కారు. పిల్లల మధ్య రెండు కోళ్లు, మూడు టమాటా గంపలు, పెరుగు కుండతో పోచమ్మవ్వ కనిపించారు.

"పాఠశాలలో బయటి వ్యక్తులా!" అని ఆయన అదిరిపడ్డారు.

"బయటెందుకుంట సారూ, లోపల్నే కూసున్న గదా," అంది పోచమ్మవ్వ.

ఆ సాయంత్రం నుంచి బస్సులో సందర్శకుల పుస్తకం పెట్టారు. ఎక్కిన ప్రతివారూ పేరు, వచ్చిన పని, ఏ విద్యార్థికి ఏమవుతారు అన్నీ రాయాలి. పోచమ్మవ్వకు రాయడం రాదు. ఆమె తరఫున భారతమ్మ, వచ్చిన పని అన్నచోట పెరుగు అని రాసింది. పెరుగు విద్యాసంబంధమైన పని కాదని వారం తరువాత పైనుంచి ఆక్షేపణ వచ్చింది. అయితే పరాంకుశం గారు దయగల మనిషి. నిరక్షరాస్యులైన ప్రయాణికులు వయోజన విద్యలో చేరితే బస్సెక్కవచ్చని సడలింపు ఇచ్చారు. అక్షరాలొచ్చిన ప్రయాణికులకు ఏ దారీ లేకపోయింది. వాళ్లు ఊళ్లోనే ఉండిపోయారు.

"నేను పెరుగమ్మెటందుకు ఎక్కిన, సదువుకునెటందుకు కాదు," అని పోచమ్మవ్వ మొత్తుకుంది. డెబ్బై ఏళ్లకు దగ్గరపడిన ఆమె చేతికి పలక వచ్చింది. నవనీత రోజూ పక్కన కూర్చుని అ, ఆలు దిద్దించేది. "ఈ అక్షరానికి ఇన్ని వంకరలేంది మనుమరాలా, పెట్టినోనికి పని లేదా?" అని తిడుతూనే అవ్వ "క" దాకా వచ్చింది. ఆ బస్సు బడయ్యాక జరిగిన చదువు నిజానికి అదొక్కటే.

తరువాత ఒకటొకటిగా లోపాలు బయటపడ్డాయి. పాఠశాలకు ప్రహరీ లేదు. బస్సు రేకుల మీద చుట్టూ ఇటుకలు గీయించారు. పాఠశాల దగ్గర హారన్ నిషేధం. బర్రెలు అడ్డం వస్తే భారతమ్మ దిగి చేత్తో తోలేది. పాఠశాల ఉన్నచోట వాహనాలు గంటకు ఇరవై కిలోమీటర్ల వేగం దాటరాదని మరో నిబంధన ఉంది. బడి బస్సులోనే ఉంది గనుక, బస్సు ఎక్కడికి పోయినా అది బడి ఉన్నచోటే అవుతుందని ఎవరో తెలివైన గుమాస్తా కనిపెట్టాడు.

"ఇరవైల పోతే ఇంజన్ సల్లవడ్తది సారూ," అన్నాడు డ్రైవర్ మైసయ్య. అతనిది ముప్పై ఏళ్ల సర్వీసు. "ఎడ్లబండోడు నన్ను జూసి నవ్వుకుంట దాటి పోతున్నడు."

"అతడు ప్రాంగణం వెలుపలి వాడు," అన్నారు పరాంకుశం గారు.

బస్సు పదిన్నరకు చేరడం మొదలుపెట్టింది. తొమ్మిదికి ప్రార్థన, ప్రతిజ్ఞ, వార్తలు చదవడం కోసం ఆపితే పదకొండు. మొదటి రెండు పీరియడ్లు పోతున్నాయని పిల్లలు మొరపెట్టుకున్నారు. దానికి విరుగుడుగా ఉపాధ్యాయులను బస్సులోకి ఎక్కించారు. సంగెంపేటలో కాపురమున్న సార్లూ టీచర్లూ తెల్లవారకముందే మోటారు సైకిళ్ల మీద ఊటపల్లికి వచ్చి, అక్కణ్నుంచి పాఠం చెప్పుకుంటూ వెనక్కి రావాలి. పదో తరగతి వాళ్లకు ఏడున్నర నుంచే ప్రత్యేక తరగతి. లెక్కల సారు డ్రైవరు వెనకాల నల్లబల్ల కట్టుకుని వృత్తం గీయబోయాడు. కంకర రోడ్డు మీద అది తయారైన తీరు చూసి నవనీతకు నవ్వాగలేదు.

"చలిజ్వరం సారూ," అంది. సారు ఆ వృత్తాన్ని తుడిచేశాడు.

ఆ నల్లబల్ల పరాంకుశం గారి రెండో తనిఖీలో ఆయన కంటబడింది. ఆయన నిజంగా నొచ్చుకున్నారు. "కుదుపులు అభ్యసనానికి విఘాతం. బోధన జరుగుచున్న సమయంలో ప్రాంగణం నిశ్చలముగా ఉండవలెను," అని అక్కడికక్కడే చీటీ రాసిచ్చారు.

అంటే పాఠం జరిగినంతసేపూ బస్సు కదలకూడదు. కదిలితే గిదిలితే విరామంలోనే. రోజుకు పది నిమిషాల విరామాలు రెండు, నలభై నిమిషాల భోజన విరామం ఒకటి, మొత్తం గంట. ఇరవై వేగంతో గంటకు ఇరవై కిలోమీటర్లు. పొద్దున ఏడున్నరకు పిల్లలెక్కి కూర్చుంటే బస్సు పదిన్నర దాకా ఊటపల్లి స్టాపులోనే నిలబడి, మొదటి విరామంలో కదిలి, జొన్న చేల మధ్య ఆగి, మధ్యాహ్నం పప్పుచారు ఒలికించుకుంటూ కొంత సాగి, సాయంత్రానికి రాళ్లవాగు వంతెన చేరేది. నాలుగున్నరకు గంట కొట్టగానే అది మళ్లీ మామూలు బస్సయిపోయి, అరగంటలో పిల్లలను ఊటపల్లిలో దించేది. మైసయ్యకు రోజు మొత్తంలో ఆ అరగంటే పండగ.

సంగెంపేట బడికి ఆ బస్సు ఇక చేరనే లేదు. అయితేనేం, హాజరు నూటికి నూరు.

ఇక్కడొక చిన్న చిక్కు మిగిలింది. సంగెంపేట బడిలో ఆ ఊరి పిల్లలు నూట ఇరవై మంది ఉన్నారు. వాళ్ల ఇళ్లకూ బడికీ మధ్య అయిదు నిమిషాల నడక. కానీ సార్లందరూ బస్సులో ఉన్నారు. ఊటపల్లి పిల్లలకు అందుతున్న విద్య సంగెంపేట పిల్లలకు అందకపోవడం అసమానత్వమని పరాంకుశం గారికి తట్టింది. ఆయన ఆ రాత్రి నిద్రపోలేదని చెబుతారు. మర్నాడు ఆ నూట ఇరవై మందినీ సంచార ప్రాంగణానికి చేర్చడానికి ఇంకో బస్సు మంజూరు చేయించారు. మోటారు సైకిళ్లు అరిగిపోతున్నాయని సార్లు కూడా అందులోనే ఎక్కారు.

ఆ బస్సు సంగెంపేటలో ఏడున్నరకు కదిలి, ఊటపల్లికి తొమ్మిదీ ఇరవైకి చేరేది.

యాభై రెండు సీట్ల బస్సులో నూట ముప్పై నాలుగు మంది పిల్లలు. ఆరో తరగతి ముందు సీట్లలో, ఏడు వెనక సీట్లలో, ఎనిమిది మెట్ల మీద, తొమ్మిది బస్సు నీడన. పదో తరగతిని టాపు మీద లగేజీ కడ్డీల మధ్య కూర్చోబెట్టారు. సైన్సు టీచరు కింద నిలబడి పైకి అరుస్తూ పాఠం చెప్పేది. గాలి ఎటు వీస్తే అటు కూర్చున్నవాళ్లకు కిరణజన్య సంయోగక్రియ అందేది. సంగెంపేట పిల్లలు తొమ్మిదికి దారిలోనే ఇంకో హాజరు ఫోనుకు మొహం చూపించి, తొమ్మిదీ ఇరవైకి దిగేవాళ్లు, వచ్చేసరికే సగం మందికి వాంతులు. జనవరిలో ప్రీఫైనల్ పరీక్ష పెడితే నవనీతకు లెక్కల్లో నలభై ఒకటి వచ్చింది. ఆమెకు ఎప్పుడూ తొంభైకి తగ్గింది లేదు.

ఆ పేపరు చేతిలో పట్టుకుని ఇంటికొచ్చి, అన్నం తినకుండా గోడకు ఆనుకుని కూర్చుంది. అమ్మ పత్తి ఏరి వచ్చి ఏమైందని అడిగితే, "బడి దొరికినప్పుడు హాజరు లేకపాయె, హాజరు దొరికినంక బడి లేకపాయె," అని ఏడ్చింది. అమ్మకు అర్థం కాలేదు. బడికి పోయే పిల్ల బడి లేదని ఏడిస్తే ఏ తల్లికి అర్థమవుతుంది?

దారి పోచమ్మవ్వ చూపించింది. రోజూ రాళ్లవాగు దాకానే పోయే బస్సులో పెరుగమ్ముకోలేక, అవ్వ వయోజన విద్యకు ఎగనామం పెట్టి పాల డబ్బాల ట్రాలీ ఆటో పట్టుకుంది. అది ఊటపల్లిలో ఆరింటికి బయలుదేరి ఏడున్నరకు సంగెంపేటలో ఉంటుంది.

"డబ్బాల నడుమ ఒక్కరికి జాగ ఉంటది. వస్తవా మనుమరాలా?"

నవనీత మర్నాడే పోయింది. అయిదేళ్లలో మొదటిసారి ఏడున్నరకు బడి గేటు ముందు నిలబడింది. లోపల విఠల్ సారు ఒక్కరే ఉన్నారు. భవనానికి కాపలా ఉండాలి గనుక ఆయన్ని అక్కడే ఉంచారు. బడి కట్టడాన్ని ఇప్పుడు అనుబంధ విశ్రాంతి స్థలం అంటున్నారు. ఖాళీ గదులు, వరసగా బెంచీలు, గోడ మీద తిరుగుతున్న గడియారం. నవనీతను చూసి ఆయన లేచి నిలబడ్డారు.

"ఏందమ్మా ఇటొచ్చినవ్?"

"బడికొచ్చిన సారూ."

ఆయన కాసేపు కళ్లజోడు తుడుచుకున్నారు. తరువాత సుద్దముక్క తీశారు. విఠల్ గారు హెడ్‌మాస్టర్ కాకముందు లెక్కలు చెప్పేవారని, అదీ బాగా చెప్పేవారని నవనీతకు అప్పుడే తెలిసింది. పొద్దున లెక్కలు, పగలు సైన్సు ల్యాబు తాళాలు తీసి ప్రయోగాలు, సాయంత్రం ఇంగ్లిషు. నాలుగు నెలల చదువు నాలుగు వారాల్లో ఎక్కింది. ఇద్దరూ బతికినన్ని రోజులూ గుర్తుపెట్టుకునే నాలుగు వారాలవి.

అన్ని రోజులూ నవనీత గైర్హాజరు. హాజరు ఫోను భారతమ్మ దగ్గర బస్సులో ఉంది. మునుపు బడికి ఆలస్యంగా వచ్చినందుకు గైర్హాజరు, ఇప్పుడు అందరికన్నా ముందు వచ్చినందుకు గైర్హాజరు. వరుసగా ముప్పై రోజులు ఫోనుకు కనిపించకపోతే పేరు కొట్టేస్తారు. ముప్పై ఒకటో రోజున ఫోను దానంతటదే నవనీత పేరు కొట్టేసింది. విఠల్ గారు ఆ సంగతి చెప్పలేక చెప్పారు.

"హాల్ టికెట్ రాదు బిడ్డా. రికార్డుల నువ్వు బడి మానేసినవ్."

నవనీతకు పాలిటెక్నిక్, హాస్టలు, ఆ మంచం, ఆ నడక, అన్నీ ఒక్కసారిగా పోయినట్టనిపించింది. "మానేసిన పిల్ల ఇట్ల బెంచీ మీద కూసుంటదా సారూ?" అని అడిగింది.

మూడో రోజు బడి ముందు డప్పులు మోగాయి. పరాంకుశం గారి జీపు ఆగింది. వెనక పూలదండలు, ఫొటోగ్రాఫరు, "బడి మానేసిన బిడ్డను బడికి చేరుద్దాం" అన్న బ్యానరు. జిల్లా అంతటా నూటికి నూరు హాజరున్న ప్రాంగణంలో ఒకే ఒక్క పిల్ల మానేసిందని కంప్యూటరు ఎర్రగా చూపించిందట. ఆ పిల్ల కోసం పొద్దుటి నుంచి ఊటపల్లి ఇళ్లన్నీ గాలించి, చివరికి హెడ్‌మాస్టర్‌ను జాడ అడగడానికి ఇక్కడికి వచ్చారు.

పదో తరగతి గది గుమ్మంలోంచి తొంగిచూస్తే, ఆ పిల్ల బెంచీ మీద కూర్చుని లెక్క చేస్తోంది.

"అమ్మా నవనీతా," అన్నారు పరాంకుశం గారు, గొంతులో తడి తెచ్చుకుని. "బంగారు భవిష్యత్తు ముందుంచుకుని బడి ఎందుకు మానేశావు తల్లీ?"

"బడికొద్దామని, సారూ."

డప్పులు ఆగాయి. పరాంకుశం గారు ఫారం తీశారు. మానివేయుటకు కారణం అన్నచోట పేదరికం, వలస, బాల్య వివాహం, అనారోగ్యం, ఆసక్తి లేకపోవుట అని గడులున్నాయి. ఆయన అయిదు గడులూ కింది నుంచి పైకి, పైనుంచి కిందికి చదివారు. బడికి వచ్చుటకు అన్న గడి లేదు. ఎంతో ఆలోచించి, ఆసక్తి లేకపోవుట దగ్గర టిక్కు పెట్టారు.

తరువాత నవనీత మెడలో దండ వేసి, బడి గదిలోంచి చెయ్యి పట్టుకుని బయటికి నడిపించి, జీపెక్కించి బడికి తీసుకుపోయారు. బడి అప్పుడు జొన్న చేల దగ్గర ఆగి ఉంది. జీపు యాభై నిమిషాల్లో చేరింది. నవనీత వెనక సీటులో కూర్చుని మూడుసార్లు డ్రైవరు వాచీ చూసింది.

"ఈ జీపు రోజూ వస్తదా సారూ?"

"విద్యార్థులను తరలించుటకు ఇది కాదమ్మా. బడి మానేసిన వారికి మాత్రమే."

తిరిగి చేర్చిన పిల్లలకు హాజరు మినహాయింపు ఉంది. అలా నవనీతకు వారం తిరక్కుండా హాల్ టికెట్ వచ్చింది. అయిదేళ్లు బడికి పోయినందుకు రానిది ముప్పై రోజులు మానేసినందుకు వచ్చింది.

పరీక్షకు వారముందనగా విఠల్ గారే బస్సు దగ్గరికి వచ్చి అందరికీ హాల్ టికెట్లు పంచారు. కేంద్రం సంగెంపేట ఉన్నత పాఠశాల, అంటే ఆ కట్టడం. పరీక్ష తొమ్మిదిన్నరకు. మరుక్షణం ఊటపల్లి ఆరుగురూ ఒకే ప్రశ్న అడిగారు: ఎట్ల పోవాలి?

పరాంకుశం గారు దానికి ముందే ప్రణాళిక సిద్ధం చేశారు. పరీక్షకు మూడు రోజుల ముందు ప్రాంగణం ఊటపల్లి నుంచి బయలుదేరును. రోజుకు ఇరవై కిలోమీటర్ల చొప్పున మూడో రోజుకు కేంద్రం చేరును. విద్యార్థులు పరుపులు తెచ్చుకోవలెను. ఒకరోజు ముందు సాయంత్రం, మామూలు బస్సుగా ఉన్నప్పుడు తీసుకుపోవచ్చు గదా అని మైసయ్య అడిగాడు. బడి వేళల తరువాత పిల్లలను ఇంటివైపు తప్ప వేరే దిక్కుకు తరలించుట నిబంధనలకు విరుద్ధమని జవాబొచ్చింది.

"మూడు దినాలా?" అంది నవనీత అమ్మ. "మూడు దినాలల్ల జనం శ్రీశైలం నడిసి పోతరు!"

"ఒక్క పరీక్షకు మూడు దినాలైతే, అన్ని పరీక్షలకు ఎన్ని దినాలు పండుకోవాలె బస్సుల?" అన్నాడు మైసయ్య. పాల ట్రాలీలో ఒక్కరికే చోటు. నవనీత తాను పోవచ్చు. కానీ అయిదేళ్లు అదే బస్సులో, అదే కంకర రోడ్డు మీద పక్కన కూర్చుని వచ్చిన అయిదుగురిని వదిలి పోవడానికి ఆమెకు మనసొప్పలేదు.

ఆ సాయంత్రం పిల్లలందరూ దిగాక ఆమె విఠల్ సారు దగ్గర ఆగింది. "సారూ, మానేసినోళ్ల ఉత్తర్వు ఒకపారి సదువుండ్రి," అంది.

ఆయన సంచీలోంచి తీసి చదివారు. నాలుగో పేజీ అడుగున ఉంది. "పరీక్షల కాలంలో బడి మానేసిన పదో తరగతి విద్యార్థులను, ఉత్తీర్ణతా శాతం దెబ్బతినకుండా, వారెక్కడ ఉన్నను శాఖ వాహనంలో నేరుగా పరీక్షా కేంద్రమునకు చేర్చవలెను." ఆయన ఆ వాక్యం మళ్లీ చదివారు. నవనీత వైపు చూశారు. ముప్పై రెండేళ్ల ఉద్యోగంలో నిబంధనలకు తలవంచడం తప్ప మరేమీ చేయని విఠల్ గారు, ఆ రోజు మొదటిసారి ఒక నిబంధనను చూసి నవ్వారు.

పరుపులతో ఎవరూ రాలేదు గనుక మూడు రోజుల ప్రయాణం మొదలే కాలేదు, బస్సు ఎప్పటిలాగే తిరిగింది. పరీక్ష ముందురోజు నాలుగూ ఇరవైకి, బడి గంట కొట్టకముందే, బస్సు దగ్గరికి వచ్చిన విఠల్ గారి చేతికి ఆరు దరఖాస్తులు అందాయి. "అయ్యా, మేము నేటి నుంచి బడి మానివేయుచున్నాము. కారణము: ఆసక్తి లేకపోవుట." ఆయన వాటిని ఒకటికి రెండుసార్లు సరిచూసి, నవనీత కాగితంలో ఒక దీర్ఘం దిద్ది, సంతకం పెట్టి ఫోను చేశారు.

"ఆరుగురా! ఒకేసారా!" అని అవతల పరాంకుశం గారు కేక వేశారు. నూటికి నూరు ప్రాంగణమని ఆయన పేరు అవార్డుకు పోయి ఉంది. "రేపు ఏడింటికల్లా జీపు ఊటపల్లిలో ఉండాలి! డప్పులు కూడా!"

జీపు ఆరూ యాభైకే వచ్చింది. ఆరుగురూ తల దువ్వుకుని, పెన్నులూ హాల్ టికెట్లూ పట్టుకుని, ఆసక్తి లేనివాళ్లలా స్టాపులో వరసగా నిలబడి ఉన్నారు. నవనీత అమ్మ జీపు చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. "పైలం బిడ్డా. బడి మానేసినవ్ గాని మంచిగ రాయి," అంది.

ఎనిమిదికల్లా వాళ్లు సంగెంపేట బడి గేటు ముందు దిగారు. పరీక్షకు ఇంకా గంటన్నర ఉంది. చెట్టు కింద కూర్చుని పుస్తకం తెరిచే తీరిక ఉంది, నీళ్లు తాగే తీరిక ఉంది. ఎవరి కడుపులోనూ తిప్పడం లేదు. నవనీత గేటు పట్టుకుని కాసేపు ఊరికే నిలబడింది. ఇక మిగిలింది ప్రశ్నపత్రమే. దానికి ఆమె ఎప్పుడూ భయపడలేదు.

డప్పులు మోగాయి. ఫొటోగ్రాఫరు సర్దుకున్నాడు. పరాంకుశం గారు ఒక్కొక్కరి మెడలో దండ వేసుకుంటూ వచ్చి నవనీత దగ్గర ఆగారు. రెండోసారి తిరిగొచ్చిన పిల్ల కాబట్టి ఆమెకు దండ పెద్దది తెచ్చారు. తండ్రిలా తల మీద చెయ్యి పెట్టారు.

"చూశావా తల్లీ, ప్రభుత్వం మిమ్మల్ని వదులుకోదు. చెప్పు, మళ్లీ ఎప్పుడైనా బడి మానేస్తావా?"

"ఎల్లుండి హిందీ పరీక్ష ఉన్నది సారూ," అంది నవనీత. "రేపు సాయంత్రం మానేస్తం."

పరాంకుశం గారు డైరీ తీసి, ఎల్లుండి ఏడు గంటలకు జీపు రాసుకున్నారు.